కామరూపి యౌవనం: అద్భుత నవలపై మన విమర్శ చిన్నచూపు

రూపం మార్చుకోగల బాలుడో బాలికో యౌవనంలోకి అడుగుపెట్టే కథను ఎవరైనా నవలగా రాస్తే, మన విమర్శ దానిని రెండు మాటలతో తోసిపుచ్చుతుంది: అది పరాయి దిగుమతి, అది పిల్లల కాలక్షేపం. ఈ రెండూ నిలిచే మాటలు కావు.

కోరిన రూపం ధరించేవారిని ‘కామరూపి’ అనడం మనకు కొత్త కాదు. పెద్దన మనుచరిత్రలో గంధర్వుడు ప్రవరుని రూపంతో వరూధినిని చేరుతాడు. సూరన కళాపూర్ణోదయం మరింత ముందుకు పోయింది. రంభ రూపు దాల్చిన కలభాషిణి, నలకూబరుని రూపు పొందిన మణికంధరుడు ఒకరినొకరు అసలువారనే నమ్ముతారు. తాను తానేనని వాదించుకోవలసిన దుస్థితి చివరకు అసలు రంభకే పడుతుంది. రూపం అరువుదైతే మిగిలే ‘నేను’ ఎవరన్న ప్రశ్న పదహారవ శతాబ్దిలోనే తెలుగులో ఉంది. 1914లో కవిత్వతత్త్వ విచారం రాసిన సి.ఆర్. రెడ్డికి సూరనను గంభీరంగా పరిశీలించడానికి ఆ అద్భుతం అడ్డు రాలేదు.

అయితే కావ్యమే నవల పని చేసేసిందనడం అతిశయోక్తి. గంధర్వునికి ప్రవరుని రూపం ఒక ఉపాయం మాత్రమే. దానివల్ల అతడు మారడు. ఎదిగే వయసులో తన దేహమే తన అదుపు తప్పినప్పటి భయం, సిగ్గు, కుతూహలం లోపలినుంచి చెప్పవలసింది నవలే.

ఇక కాలక్షేపం మాట. దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’ మొదలుకొని చందమామలో రాసిన ధారావాహికలు ఎందరికో చదువరితనం నేర్పాయి. వాటిని సాహిత్య చరిత్రలో ఒక వాక్యంతో దాటవేయడం పాఠకుణ్ణి దాటవేయడమే.

ఇందులో నష్టపోయేదెవరు? పసుపు పండే వేల్పూర్ మండలంలో 2001లో బడియీడు పిల్లలందరినీ పనినుంచి బడికి మళ్లించే ఉద్యమం సాగి, అక్టోబర్ 2న దానిని బాలకార్మిక రహిత మండలంగా ప్రకటించారు. కూలిపిల్ల విద్యార్థిని కావడం కూడా ఒక రూపాంతరమే: ఇంట్లో ఒక పలుకుబడి, తరగతిలో మరొకటి, రెంటిలో ఏది తానో తేల్చుకోవాలి. అటువంటి పాఠకురాలికి కామరూపి కథ పలాయనం కాదు, తన అనుభవానికి దొరికిన ఆకృతి.

కనుక అద్భుత నవలను పరిశోధనాంశంగా స్వీకరించడం దయ కాదు, బాధ్యత. బాగా లేని నవలను బాగా లేదనే చెప్పండి. చదివిన తరువాత చెప్పండి.