మెహతాజీ రాయని మీటరు, మనం రాయని పిట్ట



ఈసారి రాసింది కొంచెం పొడుగే. సాంచాలు బందు ఉన్న రోజు చూసుకొని, చాయ్ పక్కన పెట్టుకొని చదవండి. చదివినాక "బాగుందన్నా" అని దాటిపోకండి. మేము అడుగుతున్న పని మన సమాజం చేయాలా వద్దా చెప్పండి. వద్దనిపిస్తే ఎందుకు వద్దో కూడా చెప్పండి.

పోయిన దసరా సంగతితో మొదలుపెడతాం. జమ్మి పూజ అయ్యాక ఆనవాయితీ ప్రకారం పాలపిట్టను చూసి రావాలని కొందరం, పెద్దమనుషులు, పిల్లలు కలిసి పద్మానగర్ నుంచి ఊరి అంచు దాకా నడిచాం. గంటకు పైగా వెతికాం. కరెంటు తీగల మీద కాకులు, పావురాలు తప్ప ఏమీ లేవు. చివరికి ఒక పిల్లవాడు ఫోన్ తీసి పాలపిట్ట ఫోటో చూపించాడు. పెద్దలు ఆ ఫోనుకే దండం పెట్టుకున్నారు. అప్పుడు అందరం నవ్వుకున్నాం గానీ, తిరిగొచ్చే దారిలో ఎవరం పెద్దగా మాట్లాడలేదు.

రాత్రి జమ్మి ఆకు పంచుకునేటప్పుడు వాదన మొదలైంది. ఒక పెద్దాయన, "మేము కొత్తగ వచ్చినప్పుడు గీ తీగల మీద ఎన్ని కూసుంటుండెనో" అన్నాడు. ఇంకో పెద్దాయన, "ఇక్కడ ఎన్నడున్నయే? నువ్వు చూసింది మనూర్ల. ఇద్దరూర్లు కలిపి మాట్లాడుతున్నవ్" అన్నాడు. ఇద్దరూ అబద్ధమాడే మనుషులు కారు. కానీ ఇద్దరి దగ్గరా కాగితం లేదు. కాబట్టి వాదన తెగలేదు.

కార్ఖానాలో పనిచేసిన ఎవరినైనా అడగండి. తాకా దిగింది, ఎన్ని మీటర్లో మెహతాజీ పుస్తకంలో ఎక్కింది, అప్పుడే మజూరీ. "నేను నేసిన, మా పక్క సాంచా ఆయన చూసిండు" అంటే నడవదు. మెహతాజీ రాయని మీటరుకు మజూరీ లేదు. ఎవరూ రాయని పిట్టది కూడా అదే గతి. అది ఉన్నప్పుడు ఉందని సాక్ష్యం ఉండదు. పోయాక పోయిందని కూడా సాక్ష్యం ఉండదు.

అందుకే మేము అడిగేది ఇది. మన సమాజం తరఫున నెలకోసారి, ఒకే వారం, ఒకే వేళ, ఒకే బాట వెంట నడిచి, కనబడిన పక్షుల్ని లెక్కపెట్టి పుస్తకంలో రాద్దాం. ఒక్కసారి పండుగలా చేసి ఫోటోలు దిగి వదిలేయడం కాదు. కనీసం పదేళ్లు.

పిట్టల్ని మామూలు జనం లెక్కపెడితే ఏమొస్తుంది అంటారా? పాలపిట్ట సంగతే చూడండి. 2023లో దేశంలోని పక్షుల స్థితి మీద ఒక పెద్ద నివేదిక వచ్చింది. దానికి ఆధారం 30 వేల మందికి పైగా పక్షులు చూసేవాళ్లు రాసి పెట్టిన దాదాపు 3 కోట్ల నమోదులు. వాళ్లలో శాస్త్రవేత్తలు కొద్దిమందే. మిగతావాళ్లు టీచర్లు, విద్యార్థులు, ఉద్యోగులు, ఇంటి డాబా మీద నిలబడి చూసినవాళ్లు. ఆ లెక్కలన్నీ కలిపి చూస్తేనే, పాలపిట్ట పన్నెండేళ్లలో సుమారు 30 శాతం తగ్గిందని తేలింది. తెలంగాణ రాష్ట్ర పక్షి, మనం ఏటా దండం పెట్టే పక్షి, అందరికీ తెలిసిన పక్షి. అది తగ్గుతోందని మన దండాలు చెప్పలేదు. ఎవరో ఓపికగా రాసిన అంకెలు చెప్పాయి.

ఆ నివేదికలో మనం పట్టించుకోవాల్సిన మాట ఇంకొకటుంది. బాగా దెబ్బతిన్నవాటిలో గడ్డి మైదానాలు, పొదల బీళ్లు నమ్ముకున్న పక్షులు ముందున్నాయి. అడవి నరికితే పేపర్లో వస్తుంది. బీడు భూమి పోతే ఎవరు రాస్తారు? సర్కారు లెక్కలో కూడా పొదలూ గడ్డీ ఉన్న నేల చాలాచోట్ల "బంజరు" పద్దులోనే ఉంటుంది. బంజరు అని పేరు పెట్టాక అక్కడ ఏం కట్టినా లాభమే అనిపిస్తుంది.

మనకు ఆ బీడు బంజరు కాదు. బతుకమ్మకు తంగేడు ఊరి నుంచి తెప్పించుకుంటాం గానీ, గునుగు ఇక్కడి బీళ్లలోనే దొరికేది. మరాఠీవాళ్లు దాన్నే కుర్డు అంటారు, లేత ఆకు కూర వండుకుంటారు. మన ఆడవాళ్లు ఏయే బీడులో గునుగు కోసేవారో ఒక్కసారి అడిగి చూడండి. మాణ్‌కోలీ, వళ్, పూర్ణా, రాహనాళ్, కాల్హేర్ వైపు ఇప్పుడు ఎటు చూసినా గోదాములే. ముంబై, ఠాణే ఇళ్లకు పోయే సామాను చాలావరకు మన చుట్టూ ఉన్న రేకుల కింద నుంచే పోతుంది. ఆ గోదాముల్లో మన పిల్లలూ పనిచేస్తున్నారు, కాబట్టి వాటిని తిట్టడానికి ఇది రాయడం లేదు. కానీ ఆ రేకుల కిందికి ఏం పోయిందో ఎవరి పుస్తకంలోనూ లేదు. మా బాధ అదొక్కటే.

లెక్క ఉంటే ఏమవుతుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. సోలాపూర్ మన నేతగాళ్ల ఊరే, మనలో సగం మందికి అక్కడ వియ్యంకులున్నారు. ఆ ఊరికి దగ్గర్లోనే నాన్నజ్ గడ్డి మైదానం ఉంది. బట్టమేక పిట్ట అక్కడ ఉండేది. మరాఠీలో మాళ్‌ఢోక్ అంటారు. మీటరు ఎత్తు, నేల మీద గుడ్డు పెట్టే పెద్ద పిట్ట. 1970ల్లో సోలాపూర్ ఉపాధ్యాయుడు బి.ఎస్. కులకర్ణి ఆ పిట్టల గురించి పదేపదే చెప్పి లోకం దృష్టికి తెచ్చారు. 1979లో అభయారణ్యం ప్రకటించారు. ఆ తర్వాత అటవీశాఖవాళ్లు, స్వచ్ఛందంగా వచ్చిన పక్షిప్రేమికులు కలిసి మైదానంలో మాటు వేసి పిట్టల్ని లెక్కపెడుతూ వచ్చారు. ఆ లెక్క పడిపోతూ పడిపోతూ చివరికి వేళ్ల మీద లెక్కపెట్టేంతకు దిగింది. ఇప్పుడు దేశం మొత్తం మీద మిగిలినవి సుమారు 150 లోపే, అవీ ఎక్కువగా రాజస్థాన్‌లో.

"మరి లెక్కపెట్టి ఏం లాభమైంది, పిట్ట దక్కలేదు కదా" అంటారు. న్యాయమైన ప్రశ్నే. లెక్క ఒక్కటే పిట్టను కాపాడదు. థర్మామీటరు జ్వరాన్ని తగ్గిస్తుందా? కానీ థర్మామీటరు లేకపోతే డాక్టరు దగ్గరికి ఎప్పుడు పరుగెత్తాలో తెలియదు. బట్టమేక పిట్ట ఎంత వేగంగా పోతోందో ఏటేటా రాసిన అంకెల వల్లే తెలిసింది. ఈరోజు రాజస్థాన్‌లో దాని గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచే పని జరుగుతోందంటే, ఆ పని అత్యవసరమని చూపించింది ఆ అంకెలే.

నాన్నజ్ నుంచి ఇంకో పాఠం కూడా ఉంది, దాన్ని దాచకుండా చెప్పాలి. మొదట అభయారణ్యం అని గీసిన హద్దు సుమారు 8,496 చదరపు కిలోమీటర్లు. అందులో ఊళ్లు, పొలాలు, రోడ్లు అన్నీ ఉన్నాయి. భూమి అమ్ముకోవాలన్నా, ఏదైనా కట్టుకోవాలన్నా చిక్కులు. రైతుకు పిట్ట మీదే కోపం వచ్చింది. తర్వాత ఆ హద్దును సుమారు 1,222 చదరపు కిలోమీటర్లకు కుదించారు. కాబట్టి మనం పుస్తకం పట్టుకొని పొలాల గట్ల మీద నడిస్తే, చుట్టుపక్కల ఆగ్రీ, కోళీ రైతులు "వీళ్లు మా భూమికి ఏం తెస్తారో" అని అనుమానపడితే తప్పు వాళ్లది కాదు. వాళ్లను అడిగి, వాళ్లతో కలిసి నడవాలి. ఏ పిట్ట ఏ నెలలో ఎక్కడ గుడ్డు పెడుతుందో మన కంటే వాళ్లకే బాగా తెలుసు.

మంచి జరిగిన చోటు కూడా ఒకటి చెబుతాం. ఇంగ్లండ్‌లో హీత్ అనే నేలలుంటాయి. మన బీడులాగే పొట్టి పొదలు, ఇసుక నేల, పంటకు పనికిరాదని వదిలేసినవి. డార్ట్‌ఫర్డ్ వార్బ్లర్ అనే చిన్న పిట్టకు అదే ఇల్లు. 1962-63 చలికాలం మంచుకు ఆ దేశం మొత్తం మీద అవి పది పదకొండు జంటలకు పడిపోయాయి. జంటల లెక్కతో సహా ఎలా తెలిసింది? ఆ పొదల్లో వాటి కోసం తిరిగి లెక్కపెట్టేవాళ్లు ఉన్నారు కాబట్టి. ఆ పొదల నేలల్ని కాపాడుకుంటూ వచ్చారు. 2006 సర్వేకు మూడు వేల జంటలు దాటాయి. పనికిరాని నేల అనుకున్నది ఎవరికి పనికొస్తుందో లెక్కే చూపించింది.

ఇప్పుడు అసలు అభ్యంతరానికి వద్దాం. మేము ఈ మాట సమాజం మీటింగులో కదిపినప్పుడు ఒక అన్న లేచి, "సాంచాలు పాత ఇనుము కింద తూకానికి పోతున్నయ్. కరెంటు బిల్లు కట్టలేక మనోళ్లు మళ్ల ఊరికి పోతున్నరు. గిప్పుడు పిట్టల ముచ్చటా?" అన్నాడు. ఆ మాటకు మా దగ్గర గొప్ప జవాబు లేదు. పిట్టలు లెక్కపెడితే నూలు ధర దిగదు, ఒక్క సాంచా కూడా తిరిగి నడవదు. ఇది నెలకు రెండు గంటల పని. సమాజం ఖజానా నుంచి ఒక నోటు పుస్తకం, రెండు పెన్నులు చాలు. సాంచాల కోసం చేసే ఏ పనినీ ఇది ఆపదు.

కానీ ఆ అన్న మాటలోనే మాకు ఇంకో సంగతి కనబడింది. మనవాళ్లు ఊరు విడిచి వెళ్తున్నారు అంటున్నాం. ఎన్ని కుటుంబాలు? ఏ ఏడాది ఎన్ని? మన పుస్తకంలో ఉందా? లేదు. మన గురించి మనమే లెక్క రాసుకోలేదు. రాసే అలవాటు ఒకచోట మొదలైతే ఇంకోచోటికి పాకుతుంది. పిట్టల లెక్కతో మొదలైన పిల్లలు రేపు చెరువు నీటి మట్టం రాస్తారు, ఎల్లుండి మన కార్ఖానాల లెక్క రాస్తారు. అప్పుడు ఎవరి ముందైనా "చాలా తగ్గాయి సార్" అని కాకుండా, ఇంత నుంచి ఇంతకు తగ్గాయని కాగితం పెట్టగలం.

మేము ఆరుగురం కొన్ని నెలలుగా ఇది చేసి చూస్తున్నాం. మనందరం గునుగు కోసుకొచ్చే బీడు చుట్టూ, అక్కడి నుంచి వరాలా చెరువు గట్టు దాకా. మొదటి రోజు సిగ్గుపడాల్సినంత తప్పులు చేశాం. ఒకే కొంగల గుంపుకు మూడు పుస్తకాల్లో మూడు అంకెలు వచ్చాయి. ఎగిరి వెనక్కి వచ్చినవాటిని మళ్లీ లెక్కపెట్టాం. తీతువు పిట్ట అరుపు విన్నాం, కళ్లతో చూడలేదు కదా అని రాయలేదు. ఆ తప్పుల నుంచి కొన్ని నియమాలు పెట్టుకున్నాం.

ఒకరు లెక్కపెట్టాలి, ఒకరు రాయాలి. పెద్ద గుంపు ఉంటే ముందు పదింటిని కంటితో కొలుచుకొని, పదుల్లో లెక్కపెట్టాలి. విన్నదాన్ని "విన్నాం" అని వేరే రాయాలి. పేరు తెలియని పిట్టకు పేరు పెట్టకూడదు, "తెలియదు" అని రాయాలి. మొదలుపెట్టిన టైము, ముగించిన టైము, మబ్బో ఎండో రాయాలి. గూటి దగ్గరికి పోకూడదు, ఫోటో కోసం పిట్టను లేపకూడదు. అన్నిటికంటే ముఖ్యమైనది, ఏమీ కనబడని రోజు కూడా పుస్తకం తెరిచి సున్నా రాయాలి. సున్నా రాయడానికి పొద్దున్నే లేచి పోవడం కష్టమే. అయితే దసరా నాటి వాదన తెంపేది ఆ సున్నాలే. పాలపిట్ట గడిలో ఇప్పటిదాకా మా పుస్తకంలో అన్నీ సున్నాలే. వచ్చే శీతాకాలం ఆ గడి మారితే ఆ సున్నాల వల్లే దానికి విలువ.

ఆ బీడు పక్కన తుమ్మ చెట్టుకు గిజిగాడి గూళ్లు వేలాడుతున్నాయి. మన పిల్లలు చాలామంది మొదటిసారి చూశారు. సగం అల్లి వదిలేసిన గూడు చూసి ఒక పాప, "దీనికి నూలు అయిపోయిందా తాతా?" అని అడిగింది. మగ గిజిగాడు సగం గూడు అల్లి ఆడపిట్ట కోసం ఎదురుచూస్తాడని, ఆమెకు నచ్చితేనే మిగతా సగం పూర్తి చేస్తాడని చెప్పాం. ఇది మన పక్కనే ఉన్న అలీబాగ్ దగ్గర కీహీమ్ అనే ఊళ్లో, 1930 ప్రాంతంలో, సలీం అలీ రోజుల తరబడి గూళ్ల ముందు కూర్చొని చూసి రాసిన సంగతే. ఆయన చేతిలో అప్పుడు ఉద్యోగం కూడా లేదు. పుస్తకం, ఓపిక ఉన్నాయి.

మేము అడిగేది ఇంతే. ప్రతి నెలా రెండో ఆదివారం పొద్దున ఏడింటికి. పద్మానగర్ నుంచి కలిసి నడుద్దాం. తెలుగు మీడియం బడి పిల్లల్ని ఇద్దరిద్దరుగా వంతుల ప్రకారం తీసుకుపోదాం. పుస్తకం సమాజం ఆఫీసు బీరువాలో ఉండాలి, ఎవరి ఇంట్లోనూ కాదు. కార్యవర్గం మారినా పుస్తకం మారకూడదు. ఫిబ్రవరిలో నాలుగు రోజులు దేశమంతా జరిగే పెరటి పక్షుల లెక్కలో మన అంకెలు కూడా పంపుదాం. భివండీ పేరు అక్కడ మగ్గాల వల్ల కాకుండా ఇంకోలా కూడా కనబడనీ.

పదేళ్ల తర్వాత ఆ బీడు ఉంటుందో, గోదాము అవుతుందో మన చేతిలో లేదు. కానీ అప్పుడు జమ్మి పంచుకుంటూ ఇద్దరు పెద్దమనుషులు వాదించుకుంటే, బీరువా తాళం తీసి పుస్తకం ముందు పెట్టేవాళ్లు ఒకరుండాలి. ఆ పెద్దమనుషులం మనమే అయి ఉంటాం.

వచ్చే రెండో ఆదివారం వచ్చేవాళ్లు పేరు చెప్పండి. బైనాక్యులర్ లేకపోయినా ఫరవాలేదు, కళ్లు చాలు.

జై మార్కండేయ.