ఇంట్లో చేసిన ఉద్యోగానికి సాక్ష్యం ఎవరు?

"మా అమ్మాయికి ఇరవయ్యెనిమిదేళ్ళు. మూడేళ్ళుగా మేడమీది గదిలో కూర్చుని అమెరికా కంపెనీకి కంప్యూటరు పని చేస్తున్నది. నెలనెలా డబ్బు బ్యాంకులో పడుతున్నది. అయితే ఆఫీసు లేదు, అపాయింట్‌మెంటు ఆర్డరు లేదు, మెడలో వేసుకునే కార్డయినా లేదు. కెనడాకు దరఖాస్తు పెట్టాలంటే ఈ అనుభవం రుజువు చేయాలట. ఒకాయన మంచి లెటర్‌హెడ్ మీద సర్టిఫికెట్టు తెప్పిస్తానని పదివేలు అడ్వాన్సు పుచ్చుకున్నాడు. అదంతా ఎందుకు, నోటరీ దగ్గర అఫిడవిట్ చేయిస్తే చాలునని మావారంటారు. మాకేమీ పాలుపోవడం లేదు."

ఇది బొంగులూరు నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం. ఇటువంటివి ఈ మధ్య చాలా వస్తున్నాయి కనుక కాస్త వివరంగానే వ్రాస్తాను.

మన పెద్దవాళ్ళకు ఈ చిక్కు ఉండేది కాదు. ఉద్యోగంలో చేరిన నాటినుంచి పదవీ విరమణ దాకా సర్వీసు రిజిస్టరులో అన్నీ ఎక్కేవి. ఇంక్రిమెంటూ, సెలవూ, బదిలీ కూడాను. ఇవాళ పక్కనున్న ఆదిభట్లలో విమానాల భాగాలు చేసే కార్ఖానాకు వెళ్ళేవాళ్ళను నలుగురూ చూస్తారు. మీ అమ్మాయి రాత్రి రెండు గంటలదాకా దీపం పెట్టుకుని పని చేస్తే చూసేది మీరొక్కరే. తల్లి సాక్ష్యం కెనడా వారికి పనికిరాదు గదా!

ముందు మీవారి సలహా సంగతి. నోటరీ ముద్ర అంటే మనకు అపారమైన భక్తి. కరెంటు మీటరు పేరు మార్చాలన్నా, పోయిన మార్కుల పట్టీ తెచ్చుకోవాలన్నా స్టాంపు కాగితం కొనుక్కుని పరుగెత్తుతాం. కాని స్వయంగా కాంట్రాక్టు పని చేసుకునేవారి విషయంలో కెనడా ఇమ్మిగ్రేషన్ శాఖ స్పష్టంగానే చెప్పింది: నేను ఫలానా పని చేశానని ఎవరికి వారు వ్రాసుకున్న ప్రకటనలూ, అఫిడవిట్లూ రుజువుగా చెల్లవు. ఆ ఖర్చు మిగుల్చుకోండి.

మరి ఏవి చెల్లుతాయి? అది తెలియాలంటే మీ అమ్మాయి ఎవరికి ఏమవుతుందో ముందు తేల్చుకోవాలి. ఆమె సంతకం చేసిన కాంట్రాక్టు తీసి చదవమనండి. హైదరాబాదులో ఏదైనా ఏజెన్సీ జీతమిచ్చి ఆమెను ఆ కంపెనీ పనికి పెట్టి ఉంటే, యజమాని ఆ ఏజెన్సీయే, ఉత్తరం వారివ్వాలి. అలాకాక తానే నెలకొక బిల్లు పంపి డబ్బు తీసుకుంటూ ఉంటే, ఆమె ఉద్యోగి కాదు, స్వయంవృత్తి చేసుకుంటున్నట్టు లెక్క. మీ ఉత్తరాన్ని బట్టి ఇది రెండవ రకమే అనిపిస్తున్నది. భయపడకండి. ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ అనే తరగతిలో, మన దేశంలో కూర్చుని చేసిన స్వయంవృత్తి కూడా అనుభవం కిందికి వస్తుంది. (కెనడాలో ఇప్పటికే ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట: అక్కడి అనుభవం మీద పెట్టే దరఖాస్తులో స్వయంవృత్తి లెక్కలోకి రాదు. అక్కడ ఉండి ఇండియా కంపెనీకి ఇంటినుంచి చేసిన పనీ రాదు.)

ఇటువంటివారు చూపవలసినవి మూడు. వృత్తి తమదేననే ఆధారం, దానిమీద ఆదాయం వచ్చిందనే ఆధారం, ఏ పని చేశారో ఎంత ఇచ్చారో మూడవ మనిషి చెప్పే కాగితం. మొదటి రెండూ మీ ఇంట్లోనే ఉన్నాయి, వెతకాలంతే. కాంట్రాక్టు, దాన్ని పొడిగించిన ఉత్తరాలు, నెలనెలా పంపిన బిల్లులు, ఆదాయపు పన్ను రిటర్నులు, జి.ఎస్.టి. గాని ఉద్యం గాని రిజిస్ట్రేషను ఉంటే అవి. విదేశం నుంచి డబ్బు వచ్చినప్పుడు ఎవరు పంపారో, ఎందుకు పంపారో తెలిపే రెమిటెన్సు అడ్వైసు బ్యాంకువారిస్తారు. అడగందే చాలామంది ఇవ్వరు. బిల్లు మీది మొత్తం, అడ్వైసులోని మొత్తం, రిటర్నులో చూపిన ఆదాయం ఒకదానితో ఒకటి పొసగాలి. పన్ను తగ్గుతుందని ఎవరో చెబితే రిటర్నులో తక్కువ చూపినవాళ్ళు ఇక్కడే చిక్కుకుంటారు.

కష్టమల్లా మూడవ కాగితమే. ఆమె చేత పని చేయించుకున్న ఆఫీసరు కంపెనీ లెటర్‌హెడ్ మీద సంతకం చేసి ఇవ్వాలి. హోదా, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, వారానికి ఎన్ని గంటలు, ఎంత చెల్లించారు, ఏయే పనులు చేసింది, సంతకం చేసినవారి పేరు, హోదా, ఫోను, ఈమెయిలు అన్నీ ఉండాలి. పనుల జాబితాను కెనడా వారి వృత్తుల పట్టిక నుంచి అక్షరం పొల్లుపోకుండా దింపవద్దు. చదివేవారికి అనుమానం తగులుతుంది. చేసిన పని చేసినట్టు చెప్పాలి. కొన్ని కంపెనీలు తేదీలు తప్ప మరేమీ ఇవ్వమంటాయి. అప్పుడు ఆ పొడి ఉత్తరమే పుచ్చుకుని, పనులు వివరిస్తూ పై అధికారి చేత కంపెనీ ఈమెయిలు నుంచి జవాబు తెప్పించుకుని, మిగతా కాగితాలతో జతచేసి, పూర్తి ఉత్తరం ఎందుకు రాలేదో విడిగా వ్రాయాలి.

గంటల సంగతి కూడా చూసుకోండి. కనీసం ఒక ఏడాది అనుభవం తెరిపి లేకుండా ఉండాలి. వారానికి 30 గంటల చొప్పున ఏడాదికి 1,560 గంటలు. వారంలో అరవై గంటలు చేశాను గనుక ఆరు నెలలకే అయిపోయిందంటే ఒప్పుకోరు. ముప్ఫైకి మించినవి లెక్కపెట్టరు. మధ్యలో కాంట్రాక్టు ఆగిన నెలలుంటే దాచకుండా వాటిని విడిచి లెక్కకట్టాలి.

ఇదంతా ఇప్పుడే చేయండి. పిలుపు వచ్చాక పూర్తి దరఖాస్తుకు గడువు 60 రోజులే. ఈలోగా ఆ ఆఫీసరు మరో కంపెనీకి మారిపోవచ్చు, కంపెనీయే మూతపడవచ్చు. అమ్మాయి కాంట్రాక్టు ముగిసిననాడు ఆ ఈమెయిలు పెట్టె కూడా మూసుకుపోతుంది.

ఇక మీ లెటర్‌హెడ్ ఆయన. నిజంగా పని చేసిన పిల్లకు దొంగ కాగితం ఎందుకమ్మా? అబద్ధపు కాగితం పట్టుబడితే కెనడా చట్టం ప్రకారం అయిదేళ్ళు దరఖాస్తు పెట్టుకునే వీలుండదు. అప్పటికి మీ అమ్మాయికి ముప్ఫైమూడు వస్తాయి. పెళ్ళికానివారికి ఇరవయ్యెనిమిదిలో వయసుకు 110 మార్కులు వస్తే, ముప్ఫైమూడులో 88. ఏజెంటు చేశాడు, నాకు తెలియదంటే సామాన్యంగా వినరు. పంజాబు మొదలైన చోట్లనుంచి వెళ్ళిన కొందరు విద్యార్థుల గొడవ 2023లో పత్రికల్లో వచ్చింది, గుర్తుందా? ఏజెంటు ఇచ్చిన కాలేజీ ప్రవేశపత్రాలు దొంగవని, వాళ్ళు చదువులు ముగించి శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టుకున్నాక బయటపడింది. దేశం విడిచిపొమ్మన్నారు. పెద్ద ఆందోళన జరిగాక ప్రభుత్వం ఒక్కొక్కరి కేసూ విడివిడిగా చూస్తామన్నది. మీ అమ్మాయి కోసం అటువంటి ఆందోళన ఎవరు చేస్తారు?

సలహాదారు కావాలనుకుంటే, డబ్బు తీసుకుని కెనడా దరఖాస్తు నడిపే అధికారం అక్కడి లాయర్లకూ, అక్కడి కన్సల్టెంట్ల కాలేజీలో లైసెన్సున్నవారికీ ఉంటుంది. ఆ కాలేజీ పేర్ల పట్టికను ఎవరైనా చూడవచ్చు. మీ ఆయన పేరు అందులో ఉందేమో వెతకండి.

పదివేలూ తిరిగి అడగండి, వస్తే సంతోషమే. అంతకంటె తొందరైన పని మరొకటి ఉంది. అమ్మాయి పాస్‌పోర్టు నకలు ఆయన దగ్గరుంటే వెనక్కు పుచ్చుకోండి. దరఖాస్తు ఖాతా ఆయనే తెరిచి ఉంటే, అందులో ఏమేమి నింపాడో అమ్మాయిని కూర్చోబెట్టి మొదటినుంచి చదివించండి. పాస్‌వర్డు ఈ రాత్రే మార్పించండి.