తిప్పడం తేలికే... ఆపడమే విద్య!

పలాస పేరు చెప్పగానే నోరూరించేది జీడిపప్పు. ఉద్దానం అనగానే కొబ్బరితోటలు, పనసచెట్లు గుర్తుకురావాలి. కానీ చాలా ఏళ్లుగా ఆ పేరుకు కిడ్నీ జబ్బు తోడైంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో డయాలసిస్ అన్నమాట తెలియని ఊరు అరుదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి.

సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు రోగి పక్కన యంత్రం నడవాలి. దాని ముందుభాగంలో అరచేయంత చక్రం ఒకటి మెల్లగా తిరుగుతుంటుంది. తిప్పేది మోటారు. ఎంత వేగంతో తిరగాలో చెప్పేది కంప్యూటర్.

ఆ సూత్రం తెలుసుకోవడానికి ఆస్పత్రిదాకా వెళ్లక్కర్లేదు. పాత బొమ్మకారులోని మోటారు చాలు!

యజమాని... మేస్త్రీ... కూలీ

జీడిపప్పు పరిశ్రమలో యజమాని ఒక్కో కూలీ దగ్గరా నిలబడడు. మేస్త్రీకి చెబుతాడు. ఇక్కడా అంతే. కంప్యూటర్ యజమాని, యూఎస్‌బీ తీగతో దానికి కలిపే చిన్న బోర్డు మేస్త్రీ, మోటారు కూలీ. 2005లో ఇటలీలో పుట్టిన ఆర్డ్యూయినో ఇలాంటి బోర్డే.

కంప్యూటర్ నుంచి వెళ్లేది ఒక్క అంకె. సున్నా అంటే ఆగు, 255 అంటే పూర్తి వేగం. 128 అంటే? బోర్డు సెకనుకు వందలసార్లు కరెంటును ఇస్తూ ఆపుతూ ఉంటుంది. సగం సమయం ఇచ్చి, సగం సమయం ఆపితే మోటారు నెమ్మదిస్తుంది.

అయితే కూలీకి తిండి పెట్టేది యజమాని కాదు. మామూలు యూఎస్‌బీ 2.0 రంధ్రం ఇచ్చేది 5 వోల్టులు, 500 మిల్లీ ఆంపియర్లే. మోటారు ఇరుక్కుపోతే అంతకంటే ఎక్కువ లాగొచ్చు. అందుకే మోటారు తీగల్ని నేరుగా కంప్యూటర్‌కు గానీ, బోర్డుకు గానీ కలపకూడదు. మధ్యలో డ్రైవర్ అనే చిన్న సర్క్యూట్, దానికి విడిగా బ్యాటరీ ఉండాలి. బ్యాటరీ మైనస్ తీగను బోర్డు గ్రౌండ్‌తో కలపడం మరిచిపోవద్దు. ఆపినప్పుడు మోటారు నుంచి వెనక్కి తన్నే కరెంటును అడ్డుకోవడానికి డయోడ్ కూడా కావాలి.

కబురు ఆగిపోతే?

మోటారు గిర్రున తిరగ్గానే పిల్లలు చప్పట్లు కొడతారు. అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది. కంప్యూటర్లో ప్రోగ్రాం మధ్యలో స్తంభిస్తే మోటారు ఏం చేస్తుంది? చివరిసారి విన్న అంకెనే పట్టుకుని తిరుగుతూనే ఉంటుంది! అందుకే 'సెకనుపాటు కబురు రాకపోతే ఆపెయ్' అన్న మాటను ముందే బోర్డులో రాసిపెట్టాలి. బొమ్మకారుకైతే ఇది ముచ్చట. డయాలసిస్‌లో ప్రాణం.

అక్కడ చక్రానికున్న రోలర్లు మెత్తటి గొట్టాన్ని నొక్కుతూ రక్తాన్ని ముందుకు తోస్తాయి. రక్తం మోటారును తాకదు. నిమిషానికి దాదాపు 200 నుంచి 400 మిల్లీలీటర్లు వెళ్లాలి. వేగం తప్పితే లెక్క తప్పుతుంది. గొట్టంలో గాలిబుడగ కనిపిస్తే అలారం మోగాలి, పంపు ఆగాలి, గొట్టాన్ని బిగించే క్లిప్పు మూసుకోవాలి. ఇవన్నీ ఎవరూ చెప్పకముందే జరిగిపోవాలి.

మరి కరెంటే పోతే? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను విరుచుకుపడ్డాక ఉద్దానం పల్లెలు రోజుల తరబడి చీకట్లో గడిపాయి. అలాంటి వేళల కోసమే డయాలసిస్ యంత్రాల పంపుకు చేత్తో తిప్పే పిడి కూడా ఉంటుంది. బయట ఉన్న రక్తాన్ని సిబ్బంది దాంతో తిప్పి రోగి ఒంట్లోకి తిరిగి పంపుతారు. ఎంత కంప్యూటర్ ఉన్నా చివరి భరోసా మనిషి చెయ్యే!

1943లో నెదర్లాండ్స్ వైద్యుడు విలెం కోల్ఫ్ తొలి డయాలసిస్ యంత్రాన్ని తయారుచేసింది కూడా చేతికందిన వస్తువులతోనే. మాంసం కూరడానికి వాడే సెల్లోఫేన్ గొట్టాల్ని తిరిగే డ్రమ్ముకు చుట్టాడు.

టెక్కలిలోనో, పలాసలోనో ఓ విద్యార్థి బల్లమీద బొమ్మమోటారు తిరుగుతుంటే 'ఎంత వేగంగా తిరుగుతోంది' అని కాదు, 'తీగ ఊడితే ఆగుతుందా' అని అడగండి. దానికి జవాబు చెప్పగలిగిన కుర్రాడి చేతికి రేపు పెద్ద యంత్రాన్నయినా ధైర్యంగా అప్పగించొచ్చు.