రెండు చక్రాలకు దారేది?

రాయపూర్ జిల్లాలోని తిల్దా బియ్యం మిల్లుల ఊరు. హౌరా-ముంబై రైలు మార్గంలో ఉంది కనుక దూరాభారం ప్రయాణాలకు రైలుంది. చుట్టుపక్కల పనులకు బైకే దిక్కు. ఆ బైకు మీదే విశాఖపట్నం దాకా ఒంటరిగా వెళ్లొస్తానంటే ఏ ఇంట్లోనైనా ముందు వద్దనే అంటారు. కానీ ఆ విశాఖ నుంచే ఒక తెలుగువాడు ఒంటరిగా బైకెక్కి, అమెరికా మీదుగా భూమిని చుట్టి వచ్చారు.

ఆయన భరద్వాజ్ దయాల. 2006 ఏప్రిల్ 2న విశాఖలో బయల్దేరి, 2007 అక్టోబరులో తిరిగొచ్చారు. 18 నెలలు, ఐదు ఖండాలు, దాదాపు 47,000 కిలోమీటర్లు. బండి మాత్రం మన వీధుల్లో తిరిగే 223 సీసీ హీరో హోండా కరిజ్మా. అదే 2007లో హార్లీ డేవిడ్సన్ పెద్ద బైకుల ఇంజిను 1,584 సీసీ. వాటి పక్కన కరిజ్మా పసిపిల్లే.

అయినా అలాంటి బండికి అమెరికా హైవేల మీద అడ్డు లేదు. 1956 నాటి చట్టంతో ఊపందుకున్న ఇంటర్‌స్టేట్ రహదారుల మీద, ఊళ్లకు దూరంగా, గంటకు 105 నుంచి 130 కిలోమీటర్ల వేగాన్ని చాలా రాష్ట్రాలు అనుమతిస్తాయి. అక్కడ లెక్కపెట్టేది చక్రాలను కాదు, బండి సత్తాను. కాలిఫోర్నియాలో ఫ్రీవేల మీద ఆపేయడానికి వీలున్నది 150 సీసీ లోపు బళ్లనే. నడిపేవారికి మోటారు సైకిల్ కోసం ప్రత్యేక లైసెన్సు ఉండాలి.

అంతమాత్రాన అక్కడంతా క్షేమమని కాదు. 2023లో అమెరికాలో 6,335 మంది మోటారు సైకిలిస్టులు చనిపోయారు. మొత్తం రోడ్డు మరణాల్లో ఇది 15 శాతం. పెద్దలకు హెల్మెట్ తప్పనిసరి కాని రాష్ట్రాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ విషయంలో అమెరికాను చూసి నేర్చుకోవాల్సిందేమీ లేదు.

మన దగ్గర పద్ధతి వేరు. ముంబై-పుణె ఎక్స్‌ప్రెస్‌వే మీదకు బైకులను రానివ్వరు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుపైనా అంతే. 2023 ఆగస్టు 1 నుంచి బెంగళూరు-మైసూరు రహదారి ప్రధాన మార్గంపైనా నిషేధం వచ్చింది. అధికారులు చెప్పే కారణాన్ని కొట్టిపారేయలేం. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలకు 1,68,491 మంది బలయ్యారు. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. అరవై మీద నడిచే వంద సీసీ బండి వెనకే నూట ఇరవై మీద కారు దూసుకొస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

అయితే, కాదన్న బైకు ఎక్కడికి పోవాలి? సర్వీసు రోడ్డుకో పాత రోడ్డుకో. అక్కడ ఎదురుగా లారీ, పక్కన ఆటో, మధ్యలో గేదె. ప్రమాదం తప్పిపోలేదు, కొత్త రోడ్డు లెక్కలోంచి మాత్రం తప్పుకొంది. కారు కొనలేని కుటుంబానికి బైకే కారు. రోడ్డు ప్రజల సొమ్ముతో వేసినప్పుడు ఆ కుటుంబానికీ అందులో వాటా ఉంది.

తిల్దా వాసులకూ ఇది దూరపు గొడవ కాదు. రాయపూర్ దాటాక అభన్‌పూర్ దగ్గర మొదలై, విశాఖ సమీపంలోని సబ్బవరం చేరేలా 464 కిలోమీటర్ల ఆరు వరుసల రహదారిని తలపెట్టారు. ఆంధ్రప్రదేశ్ భాగానికి 2022 నవంబరు 12న ప్రధాని నరేంద్ర మోదీ విశాఖలో శంకుస్థాపన చేశారు. నేరుగా, వేగంగా సాగే ఇలాంటి దారుల మీదే బైకులకు తలుపులు మూసుకుంటున్నాయి.

నిషేధమో, పూర్తి స్వేచ్ఛో అన్నట్టు ఆలోచించనక్కర్లేదు. ఇంజిను సామర్థ్యానికి కనీస పరిమితి పెట్టవచ్చు. వెనక కూర్చున్నవారికి కూడా హెల్మెట్ నిబంధనను గట్టిగా అమలు చేయవచ్చు. చిన్న బళ్లకు పక్కనే వేరు దారి వేయవచ్చు. మలేసియాలో ఫెడరల్ హైవే పక్కన 1970ల్లోనే మోటారు సైకిళ్లకు విడిగా దారి వేశారు. మనకు అది ఖర్చు కావచ్చు, అసాధ్యం కాదు. రోడ్డు పూర్తయ్యాక బోర్డు పెట్టి బైకులను వెనక్కి పంపడం కన్నా, రోడ్డు గీస్తున్నప్పుడే వాటికి చోటు చూపడం తేలిక.

223 సీసీ బండి మీద విశాఖ మనిషి ప్రపంచాన్ని చుట్టి వచ్చారు. రాయపూర్ నుంచి అదే బండి మీద కొత్త రోడ్డు పట్టుకుని విశాఖ చేరవచ్చా అన్న ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది రోడ్డు వేసేవారే.