గండం గడిచిన ఊరు – మరువరాని మాట

2025 అక్టోబరు 28. కార్తికమాసం ప్రవేశించి వారం రోజులైంది. నాగుల చవితి నాడు పుట్టలో పోసిన పాల తడి ఆరకముందే బంగాళాఖాతంలో ‘మొంథా’ తుపాను తీవ్రరూపం దాల్చింది. మచిలీపట్నం, కళింగపట్నాల నడుమ, కాకినాడ పరిసరాల్లో అది తీరం దాటవచ్చునని వాతావరణ శాఖ ముందుగానే హెచ్చరించింది. ఆ రాత్రి కాకినాడలో కంటిమీద కునుకు లేదు. చివరకు అర్ధరాత్రి వేళ తుపాను ఆ నగరానికి నైరుతి దిక్కున, పదుల కిలోమీటర్ల దూరంలో, నరసాపురం సమీపాన తీరం దాటింది. ఉప్పాడ ఒడ్డును అలలు కోసివేసినా, గాలివానలు వేధించినా, కాకినాడకు పెనుగండం తప్పింది. బాలాత్రిపురసుందరీ దేవియే కాపాడిందని చేతులు జోడించినవారెందరో!

ఆ నమస్కారంలో తప్పు లేదు. ఆపద గడిచినవేళ దైవాన్ని తలచుకోవడం మన సంస్కారం. అయితే ఆ కృతజ్ఞత వెంటనే ఒక ప్రశ్న కూడా నిలుస్తుంది. దానిని దాటవేయకుండా ఆలోచించవలసిన బాధ్యత భక్తులమైన మనమీదనే ఎక్కువగా ఉంది.

కాకినాడను తప్పించుకున్న తుపాను ఎక్కడికి వెళ్ళింది? నరసాపురానికి చేరువలోనే, వశిష్ఠ గోదావరి సాగరంలో కలిసేచోట, అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కొలువై ఉన్నాడు. ఆ గాలి కోనసీమ కొబ్బరితోటల మీదుగా, కోతకు వచ్చిన వరిచేల మీదుగా సాగింది. మరునాడు ఆ మేఘాలే తెలంగాణను ముంచెత్తాయి. భద్రకాళి అమ్మవారు వెలసిన ఓరుగల్లులో, వేయిస్తంభాల గుడి ఉన్న హనుమకొండలో కాలనీలు నీట మునిగాయి. మరి అక్కడి దేవతలు తమ బిడ్డలను మరచిపోయారా? నరసింహుని శరణన్నవారి ప్రార్థన కన్నా మన ప్రార్థన గొప్పదా? అలా అనుకోవడం భక్తి కాదు, అహంకారం. భగవంతుడు సర్వభూతాలయందు సముడన్నది గీత బోధించే సిద్ధాంతం. తుపాను దారి మళ్ళడాన్ని మనకు దక్కిన పక్షపాతంగా భావించిన క్షణంలోనే ఆ సిద్ధాంతానికి మనం దూరమవుతాం.

ప్రళయానికి ముందు ఏడు రోజులు

అట్లయితే దైవరక్ష అన్నది లేదా? ఉన్నది. అది ఏ రూపంలో వస్తుందో మన పురాణమే చెబుతున్నది. భాగవతంలోని మత్స్యావతార కథను ఒకసారి స్మరించండి. కృతమాలా నదిలో తర్పణం విడుస్తున్న సత్యవ్రత మహారాజు దోసిలిలోకి ఒక చేపపిల్ల వచ్చింది. అది పెరిగి పెరిగి మహామత్స్యమై, ఆ రాజుతో మాట్లాడింది. స్వామి అక్కడ ప్రళయాన్ని ఆపివేస్తానని మాట ఇవ్వలేదు. నేటికి ఏడవనాడు లోకాలు జలమయమవుతాయని గడువు చెప్పాడు. ఓషధులను, విత్తనాలను సమకూర్చుకొమ్మన్నాడు. నావ వస్తుంది, మహర్షులతో కలిసి అందులోకి ఎక్కమన్నాడు. ఆ నావను వాసుకితో తన కొమ్ముకు కట్టమన్నాడు.

గమనించండి. ముందుగా తెలియజెప్పడం, సిద్ధం కమ్మనడం, నావ పంపడం, దానిని నడిపించడం – ఇదీ రక్షణ. విత్తనాలు చేర్చడం, నావ ఎక్కడం రాజు వంతు. నారాయణుడే అండగా ఉండగా నాకేమిటని సత్యవ్రతుడు ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కథ మనదాకా వచ్చేదా?

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన కబళించినప్పుడు దాదాపు పదివేల ప్రాణాలు పోయాయి. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుపానులో వేయిమందికి పైగా మరణించారు. వేటకు వెళ్ళి తిరిగిరాని మత్స్యకారులు అందులో ఎందరో. మొంథా బలం దివిసీమ ఉప్పెన బలంతో పోల్చదగినది కాదు, నిజమే. అయినా ఈనాడు ప్రాణనష్టం తగ్గడానికి అదొక్కటే కారణం కాదు. ఆకాశంలో ఉపగ్రహాలు, విశాఖపట్నం, మచిలీపట్నాలలో డాప్లర్ రాడార్లు తుపాను కదలికను కనిపెట్టి చూస్తున్నాయి. రోజుల ముందే హెచ్చరిక వస్తున్నది. పడవలు ఒడ్డుకు చేరుతున్నాయి. పల్లపు ఊళ్ళవారు పునరావాస కేంద్రాలకు తరలుతున్నారు. మన కాలానికి వచ్చిన నావ ఇదేనని ఎందుకు అనుకోకూడదు?

పిల్లికూన గింజుకోదు

ఇక్కడే ఒక ప్రమాదం పొంచి ఉంది. తుపాను ఒకసారి తప్పిపోతే, మరుసటిసారి హెచ్చరికను పెడచెవిని పెట్టే వారు ప్రతి ఊరిలోనూ ఉంటారు. “ఎన్ని తుపానులు చూడలేదు, ఆ స్వామే చూసుకుంటాడు” అంటూ గడప దాటని పెద్దలు మీ ఇంట్లోనూ ఉండవచ్చు. వారి విశ్వాసాన్ని ఎగతాళి చేయకండి. ఆ విశ్వాసపు భాషలోనే వారికి చెప్పండి. శరణాగతిని వివరిస్తూ మన ఆచార్యులు రెండు న్యాయాలు చూపారు. కోతిపిల్ల తల్లిని తానే కరచిపట్టుకుంటుంది. పిల్లికూనను తల్లియే నోట కరచి తీసుకుపోతుంది. పూర్తిగా శరణన్న పిల్లికూన కూడా తల్లి ఎత్తుకుపోయేవేళ గింజుకోదు కదా! వాకిట్లోకి వచ్చిన సహాయక వాహనం ఎక్కనని మొరాయించడం శరణాగతి ఎలా అవుతుంది?

కొలిచిన కొండయే గొడుగు

మరొక రక్ష కూడా ఉంది. గోదావరి మోసుకువచ్చిన ఒండ్రు మట్టితో ఇసుకతో సుమారు రెండు శతాబ్దాలుగా ఏర్పడిన హోప్ ఐలాండ్ పదహారు కిలోమీటర్ల మేర కాకినాడ రేవుకు అడ్డుగా నిలిచి, అలల ఉధృతిని తగ్గిస్తున్నది. దక్షిణాన కోరింగ మడ అడవులు తమ వేళ్ళతో మట్టిని పట్టి ఉంచి, ఉప్పెన వేగాన్ని మందగింపజేస్తాయి. 1839లో ఉప్పెన తాకిడికి ధ్వంసమైన కోరింగ రేవు కథ తెలిసినవారికి ఈ అడ్డుగోడల విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఇంద్రుని పూజ మాని గోవర్ధనగిరిని పూజించమని శ్రీకృష్ణుడు గోపాలురకు చెప్పాడు. తీరా రాళ్ళవాన కురిసినప్పుడు, వారు కొలిచిన ఆ కొండయే వారికి గొడుగయింది. మనకు గొడుగు పట్టేది మడ అడవి. రొయ్యల చెరువుల కోసం, వంటచెరకు కోసం దానిని నరుకుతూ, తుపాను వచ్చిననాడు అమ్మవారికి కొబ్బరికాయ కొట్టడం ఏపాటి భక్తి?

కార్తికంలో ధ్వజస్తంభానికి ఎత్తిన ఆకాశదీపం కట్టినవారి ఇంటికి మాత్రమే వెలుగునివ్వదు. గండం గడిచిన ఊరి మొక్కు కూడా అలాగే ఉండాలి. హుండీలో వేసే దానితోపాటు, మనకు తప్పి పొరుగువారికి తగిలిన దెబ్బకు కొంత పంచండి. కూలిన కొబ్బరిచెట్టు కింద కూర్చున్న రైతును, ఇంట్లో బురద ఎత్తిపోసుకుంటున్న గృహిణిని తలచుకోండి. మళ్ళీ హెచ్చరిక వచ్చిననాడు, సత్యవ్రతుని వలె విని, లేచి, పదిమందిని వెంటబెట్టుకుని కదలండి. దైవం మాట ఇచ్చినప్పుడు దానిని చేత అందుకోవడమే భక్తుడి పని.