ముళ్లకంప నుంచి పొయ్యి బొగ్గు

పనికిరాదని మనం చీదరించుకునే వస్తువులోనూ సృష్టికర్త ఏదో ఒక ప్రయోజనాన్ని ఉంచాడు. తడ పరిసరాల్లో, పులికాట్ సరస్సు ఒడ్డున, బీడు భూముల్లో అల్లుకుపోయిన సర్కారు తుమ్మే ఇందుకు నిదర్శనం. 1877 ప్రాంతంలో కడప సీమలోని కమలాపురంలో విత్తనాలు చల్లి పెంచిన ఈ పరదేశపు చెట్టు నేడు రైతుకు పెద్ద బెడద. అయితే దాని కట్టె నుంచి వచ్చే బొగ్గు గట్టిది, చాలాసేపు కణకణలాడుతుంది. ఇంటి అవసరానికి సరిపడా బొగ్గును తక్కువ ఖర్చుతో తయారుచేసుకునే విధానాన్ని ఈ నెల వివరిస్తున్నాము.

కట్టెను గాలిలో కాలిస్తే బూడిద మిగులుతుంది. గాలి అందకుండా మగ్గబెడితే బొగ్గు మిగులుతుంది. రహస్యమంతా ఇంతే.

మూత ఉన్న 200 లీటర్ల పాత ఇనుప డ్రమ్ము చాలు. రసాయనాలు, పెట్రోలు నింపినది మాత్రం వద్దు. అడుగున ఐదారు రంధ్రాలు చేసి, డ్రమ్మును మూడు ఇటుకలపై నిలపాలి. మణికట్టు లావు కట్టెను బాగా ఎండబెట్టి ముక్కలు చేసుకోవాలి. అడుగున చితుకులు అంటించి, మంట నిలిచాక ముక్కలను కొద్దికొద్దిగా నింపి, మూతను ఓరగా పెట్టాలి. మొదట వచ్చే దట్టమైన తెల్లని పొగ కట్టెలోని తడి. అది పలచబడి నీలిరంగుకు తిరిగితే బొగ్గు తయారైనట్లే. వెంటనే ఇటుకలు తప్పించి, అడుగు చుట్టూ మట్టి ఎగదోసి, మూత అంచును తడిమట్టితో మెత్తాలి. మరునాడు డ్రమ్ము పూర్తిగా చల్లారాకే తెరవాలి. తొందరపడితే గాలి సోకి బొగ్గంతా భగ్గుమంటుంది. తీసిన బొగ్గును ఒక రోజు ఆరుబయటే ఉంచి, తర్వాతే సంచికెత్తాలి. కట్టె బరువులో ఐదో వంతు దక్కినా మంచి ఫలితమే.

ఇక ముఖ్యమైన మాట. చలికాలంలో, బాలింతల గదిలో బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు మూయడం ప్రాణాంతకం. బొగ్గు నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. నిద్రపోయే వేళ ఇంట్లో నిప్పును రగులుతూ వదలవద్దని దైవప్రవక్త (స) ఏనాడో హెచ్చరించారు. కుంపటి ఎప్పుడూ ఆరుబయటే ఉండాలి.

పొరుగువారి ఇంట్లోకి పొగ పోకుండా చూడటం మన బాధ్యత. పరుల భూమిలోని కట్టెను, ముళ్లకంపే కదా అని, అడగకుండా నరకడం తగదు. ఇంట వెలిగే పొయ్యిలోని నిప్పు కూడా ధర్మసమ్మతమైనదే కావాలి.