ఆంగ్లవ్యాకరణము - తెలుగు ఉపాధ్యాయుడు

ఉప్పలు, నాచారములు ఒకప్పుడు హైదరాబాదునకు తూర్పున నుండిన పల్లెలు. నేడు కర్మాగారములతో, మెట్రో రైలుతో నగరమున గలసిపోయినవి. ఉప్పలులో రైలెక్కినవారికి నాలుగవ మజిలీ తార్నాక. అచ్చట, ఉస్మానియా విశ్వవిద్యాలయము చెంత, ఇంగ్లీషు ఉపాధ్యాయుల శిక్షణకై 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థ స్థాపింపబడెను. 1972లో విదేశభాషలను జేర్చుకొని, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమై, ఇప్పుడది ఇఫ్లూ యను పేర బరగుచున్నది. ఇట్టి విద్యాపీఠము ఇంత చేరువనుండగా, ఈ పేటల బడులలో రేపు ఇంగ్లీషు జెప్పబోవు యువకులు వ్యాకరణము నెట్లభ్యసింపవలెనో విచారించుట అప్రస్తుతము గాదు.

తెలంగాణ ప్రభుత్వమువారు 2022-23 విద్యాసంవత్సరమున సర్కారు బడులలో ఒకటి మొదలు ఎనిమిదవ తరగతి వఱకు ఇంగ్లీషు మాధ్యమమును బ్రవేశపెట్టిరి. ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషుగా పాఠ్యపుస్తకములు ముద్రించిరి. ఆ రెండు పుటలను గలుపవలసినవాడు ఉపాధ్యాయుడు. సూత్రములను వల్లించి, ఖాళీలను బూరించి పరీక్ష గట్టెక్కిన చదువు ఆ పనికి జాలునా?

తెలుగు బాలుడు 'హి టీచర్' అనినచో అది మందబుద్ధి గాదు. 'ఆయన ఉపాధ్యాయుడు' అనుటకు మనకు క్రియ యక్కఱలేదు. ఇంగ్లీషున 'ఈజ్' లేనిదే వాక్యము లేదు. 'నిన్న వచ్చిన మనుష్యుడు' అని మనము సంగతిని ముందు జెప్పుదుము. వారు మనుష్యుని ముందు నిలిపి, 'హూ' యని చేర్చి, సంగతిని వెనుక జెప్పుదురు. అన్నిటికంటె చిక్కు మన 'అని' తోడిది. 'నేను రేపు వచ్చెదను అని చెప్పెను' అనుచో, ఆ చిన్నమాట చెప్పినవాని పలుకులను ఉన్నవున్నట్లు మన కప్పగించును. ఇంగ్లీషున 'దట్' చేరినంతనే సర్వనామము మాఱవలెను, కాలము మాఱవలెను, 'రేపు' సైతము మాఱవలెను. 'హి సెడ్ దట్ ఐ విల్ కమ్' అను తప్పునకు మూలమిదియే. ఎఱ్ఱసిరాతో దానిని గొట్టివేయుట సులభము. అది యెట్లు పుట్టెనో చెప్పగలవాడే గురువు.

ఇందు మన భాషకు కొఱత యేమియు లేదు. మేము, మనము అను భేదము ఇంగ్లీషున గానరాదు. రెంటికిని 'ఉయ్' ఒక్కటే. అది సంపాదకులకు మిక్కిలి యనుకూలమని యెవరేని హాస్యమాడినను మేము కాదనము. దశరథునకు రాముడెన్నవ కుమారుడని సూటిగా నడుగుటకు ఆ భాషలో మాటయే లేదు.

1858లో పరవస్తు చిన్నయసూరిగారు బాలవ్యాకరణమున తద్ధర్మమును వర్తమానమునుండి వేఱుపఱచిరి. 'సూర్యుడు తూర్పున నుదయించును' అనునది తద్ధర్మము. 'ది సన్ రైజెస్' అను దానికి ఇంగ్లీషు వ్యాకర్తలు వర్తమానమని పేరిడుటచే, ఇప్పుడే యుదయించుచున్నట్లు బాలుడు భ్రమపడును. తద్ధర్మమని యొక్కమాట చెప్పిన చిక్కు వీడును. బ్రౌను దొర 1840లో తెలుగు వ్యాకరణమును ఇంగ్లీషున రచించి, తనవారికి మన భాషను తమ భాష మూలముననే బోధించెను. మనవారికి ఆ మార్గమేల కూడదు?

మాటలాడుచుండిన భాష దానంతట వచ్చును, వ్యాకరణమేల యని కొందఱందురు. బేరమాడుటకు ఆ వాదము చెల్లును. ఇతరుల రాతను దిద్దవలసినవానికి, తాను గ్రంథము వ్రాయదలచినవానికి చెల్లదు. 1960 ప్రాంతమున ఆ తార్నాక సంస్థకు డైరెక్టరుగా నుండిన వినాయక కృష్ణ గోకాక్ గారు కన్నడ కవి. 1990వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారమును బొందినవారు. ఇంగ్లీషు బోధనకు పెద్దదిక్కైనను స్వభాషను విడువలేదు.

కావున బి.ఇడి. కళాశాలలలో ఆంగ్లవ్యాకరణమును తెలుగుతో సరిపోల్చి చెప్పు పాఠమును విధిగా నుంచవలెనని మేము కోరుచున్నాము. వేసవి సెలవులలో ఉప్పలు, నాచారము బడుల ఉపాధ్యాయులకు ఒక పక్షము దినములు ఇట్టి తరగతులు నడుపుట ఇఫ్లూ వారికి అసాధ్యము గాదు. రైలుఖర్చు సైతము స్వల్పమే. మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా విద్యాశాఖవారు వారితో సంప్రదించి, వచ్చు వేసవికే దీనిని ఆరంభింతురుగాక.